సముద్ర రాకెట్ వేదిక భవితవ్యాన్ని అంచనా వేయడం ఎలా?

భూమధ్యరేఖ దగ్గర సముద్రంలో తేలే వేదిక నుంచి రాకెట్లు ప్రయోగించిన సీ లాంచ్ సంస్థ మళ్లీ మొదలవుతుందన్న వార్త కనిపిస్తే, బోరు వేయించే అనంతపురం రైతు ముందు నీటిజాడ చూసుకున్నట్లు, మీరు ముందుగా రాకెట్ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఒడిస్సీ అనే ఆ తేలే వేదిక ఎంత గట్టిదైనా, దానిపై నిలిపిన జెనిత్ రాకెట్ ఉక్రెయిన్‌లో తయారై రష్యా ఇంజిన్‌తో ఎగిరేది; ఆ రెండు దేశాలకూ చెడిన 2014లో, మే నెలలో జరిగిన 36వ ప్రయోగమే చివరిదైంది.

తర్వాత, భూభ్రమణం రాకెట్‌కు అదనంగా ఇచ్చే వేగంలో భూమధ్యరేఖ లాభాన్ని లెక్కగట్టండి. అక్కడి భూభ్రమణ వేగమైన సెకనుకు 465 మీటర్లను అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే సుమారు 450 వస్తుంది. తేడా పదిహేను మీటర్లే! నడిసముద్రంలో నౌకలను పోషించే ఖర్చును దాని పక్కన పెట్టి చూడండి.

2007లో వేదికపైనే రాకెట్ పేలిందనీ, 2009లో సంస్థ దివాలా రక్షణ కోరిందనీ గుర్తుంచుకొని, కొత్త రాకెట్ పేరు చెప్పని ప్రకటనను పక్కన పెట్టండి.