హిమాలయ ట్రెక్‌కు ఏ కార్తెలో బయలుదేరాలి?

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మొదటిసారి హిమాలయాలకు వెళ్లాలనుకునే వారు ముందుగా చూసేది సెలవులనే. వేసవి సెలవులో, దసరానో, సంక్రాంతో ఏదో ఒకటి ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఆ తేదీలకు దొరికే ట్రెక్ కోసం వెతుకుతారు. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఉన్న ఇళ్లలో ఇది సహజమే. అయితే ఆ వెతుకులాటలో వేయవలసిన ఒక ప్రశ్న సాధారణంగా తప్పిపోతుంది: మనం వెళ్లే రోజుల్లో ఆ కొండ మీద వాన ఉంటుందా, పాత మంచు ఉంటుందా, కొత్త మంచు పడుతుందా? హిమాలయాలు పడమరన కశ్మీర్ నుంచి తూర్పున అరుణాచల్ దాకా దాదాపు 2,400 కిలోమీటర్లు పరుచుకున్నాయి కాబట్టి, వాటన్నిటికీ కలిపి మంచి నెల ఒకటి ఉండదు.

వానల లెక్క మనకు కార్తెలతో చెప్పుకుంటే సులువుగా అర్థమవుతుంది. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశించి మన దగ్గర తొలకరి మొదలయ్యే రోజుల్లోనే, బంగాళాఖాతం వైపు నుంచి సాగే రుతుపవనాలు సిక్కింను కూడా తడుపుతాయి. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్‌లకు అవి చేరేసరికి సాధారణంగా ఆరుద్ర కార్తె, అంటే జూన్ నాలుగో వారం వస్తుంది. తిరుగు ప్రయాణం దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఉత్తర కార్తె ముగిసే సెప్టెంబరు చివరికల్లా పడమటి హిమాలయాల్లో ఆకాశం తేటపడుతుంది గానీ, సిక్కింలో అక్టోబరు రెండో వారం దాకా మబ్బులు వదలవు. తూర్పుకు వెళ్లే కొద్దీ వాన ముందు వచ్చి ఆలస్యంగా పోతుందన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే, సగం నిర్ణయం అయిపోయినట్టే.

దసరాకు వెళ్లే వారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పండుగ తేదీ ఏటా మారుతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. 2026లో అక్టోబరు 20న వస్తుంది. పండుగ త్వరగా వచ్చిన ఏడాది ఉత్తరాఖండ్‌కో హిమాచల్‌కో వెళ్లడం మేలు. ఆలస్యంగా వచ్చిన ఏడాదైతే సిక్కింలోని గోచాలా, పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫూ, నేపాల్‌లోని ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారులు కూడా బాగుంటాయి. వాన కడిగిన గాలిలో దుమ్ము ఉండదు కాబట్టి, 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూ నుంచి కాంచనజంగ శ్రేణి అక్టోబరు, నవంబరు నెలల్లో కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించదు. మొదటిసారి వెళ్లే వారికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఈ కాలమే: దారి పొడిగా ఉంటుంది, వాగులు తగ్గి ఉంటాయి, పగలు ఎండ హాయిగా ఉంటుంది. రాత్రి చలి మాత్రం ఎక్కువే.

ఈ కాలానికీ ఒక గండం ఉంది, అది మన సముద్రం నుంచే వస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగకుండా ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ హిమపాతాన్ని కురిపించింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటుతున్న వారితో సహా ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు. అందుకని అక్టోబరులో ట్రెక్‌కు బయలుదేరే ముందు హిమాలయాల వాతావరణంతో పాటు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏమైనా ఉందేమో కూడా చూసుకోవాలి. ఉంటే, కనుమ దాటే రోజును వాయిదా వేయాలని గైడును పట్టుబట్టి అడగాలి.

వేసవి విషయానికి వస్తే, రోహిణి కార్తెలో ఇక్కడ రోళ్లు పగిలే ఎండలు కాస్తుంటే మనసు చల్లని కొండల మీదికి పోవడం న్యాయమే. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు వేల మీటర్ల లోపు దారులు చాలా వరకు తెరుచుకుంటాయి, సిక్కిం, నేపాల్ అడవుల్లో రోడోడెండ్రాన్ పూలు విరగబూస్తాయి. ఎవరెస్ట్ శిఖరం ఎక్కేవారికి కూడా మే నెలే ముఖ్యం. చలికాలమంతా శిఖరాన్ని ఊపేసే జెట్ గాలులు, అంటే చాలా ఎత్తున వీచే బలమైన గాలులు, ఆ నెలలో ఉత్తరానికి జరుగుతాయి, వానలు ఇంకా రావు, మధ్యలో కొద్ది రోజులు గాలి శాంతిస్తుంది. మన నిజామాబాద్ ప్రాంతంలోని పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన తేదీ 2014 మే 25, సరిగ్గా ఆ వ్యవధిలోనిదే.

అయితే నాలుగు వేల మీటర్లు దాటిన కనుమల మీద శీతాకాలపు మంచు జూన్ దాకా పేరుకునే ఉంటుంది. అది కరిగే రోజుల్లో అసలు ప్రమాదం కనుమ మీద కాదు, దాని కింది వాగులో. నేను ఒక ఏడాది జూన్ మూడో వారంలో, సెలవు దొరికిందన్న ఒక్క కారణంతో, హిమాచల్‌లోని దాదాపు 4,270 మీటర్ల ఎత్తున్న హాంప్టా కనుమకు వెళ్లాను. ఉదయం టెంట్లు విప్పడంలో ఆలస్యమై, వాగు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. బూడిద రంగు నీళ్లు తొడల లోతున ఉరుకుతున్నాయి, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు ఒడ్డుకు వినిపిస్తోంది. గైడు దాటనివ్వలేదు. నీటి అంచున పిడికిలంత తెల్లరాయి ఒకటి పెట్టి, రేపు పొద్దున చూడమన్నాడు. మరుసటి ఉదయం ఆరు గంటలకు ఆ రాయి నీటికి రెండడుగుల దూరంలో, చుట్టూ పలచని మంచు పెంకుతో పొడిగా ఉంది, వాగు మోకాలి కిందికి తగ్గింది. పగటి ఎండకు కరిగిన మంచు సాయంత్రానికి కిందికి చేరుతుంది, రాత్రి చలికి కరగడం ఆగిపోతుంది. మే, జూన్ ట్రెక్‌లలో వాగులను తెల్లవారుతూనే దాటాలనడానికి కారణం ఇదే. ఆ ఒక్క రోజు ఆలస్యానికి ఢిల్లీలో నా తిరుగు రైలు తప్పిపోయింది.

జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరాఖండ్, హిమాచల్‌లలో దక్షిణపు వాలున ఉన్న చాలా దారులకు వెళ్లవద్దనే చెబుతాను. కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. 2013 జూన్ 16, 17 తేదీల కేదార్‌నాథ్ వరద, రుతుపవనాలు అక్కడికి మామూలు కన్నా ముందే వచ్చిన ఏడాదిలో జరిగింది. దీనికి మినహాయింపులున్నాయి. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉన్నా, పూలు నిండుగా ఉండేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే. ఆ పూల కోసం వానను భరించవలసిందే, దారిలో ఒకటి రెండు రోజులు చిక్కుకుపోవడానికి సిద్ధపడవలసిందే. కశ్మీర్ సరస్సుల ట్రెక్‌కు కూడా జూలై నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. లద్దాఖ్ పర్వతాల వెనుక వాననీడలో ఉంది. మన దగ్గర ఒకటి రెండు రోజుల గట్టి ముసురుకు కురిసేంత వాన, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు, లేహ్‌లో ఏడాదంతటికీ కురుస్తుంది. అందుకే మార్ఖా లోయ వంటి దారులకు వానాకాలమే సరైన కాలం. అయినా 2010 ఆగస్టులో లేహ్‌ను కుండపోత ముంచెత్తిందని మరవకూడదు.

సంక్రాంతి సెలవులకు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ బాగుంటుంది. ఎత్తు దాదాపు 3,800 మీటర్లు, దారి మరీ కఠినం కాదు, కాళ్ల కింద కొత్త మంచు ఉంటుంది. మంచు అక్కడ పశ్చిమం నుంచి వచ్చే అలజడుల వల్ల పడుతుంది, పడిన మరునాడు ఆకాశం తేటగా ఉంటుంది. రాత్రి సున్నాకు పది డిగ్రీల దిగువకు పోవచ్చు. నీళ్ల బాటిల్‌ను తలకిందులుగా పెట్టుకోవాలి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

ఏ కాలమైనా ఎత్తు లెక్క మారదు. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే కింద 30 డిగ్రీలుంటే 3,000 మీటర్లు పైన పదిన్నరే. సముద్రమట్టానికి మూడు వందల మీటర్లు కూడా లేని వరంగల్ నుంచి వెళ్లిన శరీరం అలవాటు పడడానికి వ్యవధి కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. నాలుగు రోజుల సెలవుకు ఇరికించిన ట్రెక్‌లో ఈ విరామమే ముందుగా ఎగిరిపోతుంది. సెలవు చిన్నదైతే నెల మార్చనక్కర లేదు, తక్కువ ఎత్తున్న ట్రెక్‌ను ఎంచుకుంటే చాలు.

కాలాన్ని ఎంచుకోవడంలో సాధన కూడా లెక్కలోకి వస్తుంది. మే ట్రెక్‌కు సిద్ధపడాలంటే మార్చి, ఏప్రిల్ ఎండల్లో తెల్లవారుజామున తప్ప నడవలేం. అక్టోబరు ట్రెక్ అయితే ఆరుద్ర, పునర్వసు కార్తెల చల్లదనంలో మొదలుపెట్టవచ్చు: హనుమకొండ పద్మాక్షి గుట్ట మెట్లను వీపు మీద ఆరేడు కిలోల బరువుతో వారానికి నాలుగు రోజులు ఎక్కి దిగడం, ఆదివారాల్లో నాలుగైదు గంటల నడక. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, ఆగస్టు మొదటి వారానికల్లా తేదీ ఖాయం కావాలి. కాజీపేట నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే టికెట్ తీసుకునేటప్పుడే, తిరుగు టికెట్‌ను ట్రెక్ ముగిసే రోజుకు కాక దానికి రెండు రోజుల తర్వాతకు తీసుకోవాలి.