కుక్కని తిప్పే పని – నాలుగో పాఠం: సందుకి ఒక రాజ్యం

మొదటి మూడు పాఠాల్లో మనం గేటు దాటలేదు. ఇంటివాళ్ళని ఏం అడగాలో, నోటుబుక్కులో ఏం రాసుకోవాలో చూశాం. మెడబెల్టు, బాడీబెల్టు, చైను మధ్య తేడాలు చూశాం. కుక్క తనంతట తాను వచ్చి మన చెయ్యి వాసన చూసేదాకా వరండాలో ఊరికే కూర్చోవడం కూడా నేర్చుకున్నాం. ఈ పాఠంలో గేటు తీస్తున్నాం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు తమ చేతిలో ఉన్న కుక్క గురించే ఆలోచిస్తారు. అది లాగుతుందా, మాట వింటుందా, ఎక్కడ కూర్చుంటుంది అని. నా అనుభవంలో అది పావు వంతు పనే. మిగతా ముప్పావు వంతూ వీధిలో ఉన్న కుక్కల లెక్క. విదేశీ వీడియోల్లో ఈ సంగతి కనిపించదు, ఎందుకంటే వాళ్ళ వీధుల్లో చైను లేని కుక్క దాదాపు ఉండదు. మన విజయనగరంలో ఏ కాలనీ లోంచి మెయిన్ రోడ్డుకి వచ్చినా మూడు నాలుగు గుంపుల మధ్యలోంచి రావాల్సిందే.

ముందు మీరొక్కరే నడవండి

కొత్త ఇల్లు ఒప్పుకున్నాక మొదటి మూడు రోజులు కుక్కని తీసుకెళ్ళకండి. ఏ టైముకి తిప్పాలో అదే టైముకి, ఒట్టి చేతులతో ఆ దారిలో నడవండి. టైము మారితే లెక్క మారిపోతుంది. పగలు కారు కింద నిద్రపోయే కుక్కే తెల్లవారుజామున అయిదింటికి సందు మొదట్లో కాపలా కాస్తుంది.

వీధికుక్కలు ఊరంతా తిరగవు. తిండి దొరికే చోటు చుట్టూ హద్దు గీసుకుంటాయి. చికెన్ కొట్టు, టీ కొట్టు, అపార్టుమెంటు చెత్తడబ్బా, ఫంక్షన్ హాలు వెనక ఇస్తరాకులు పారేసే చోటు, ఇవే వాటి రాజధానులు. పెళ్ళిళ్ళ సీజన్లో ఫంక్షన్ హాలు దగ్గరి గుంపు రెండింతలవుతుంది, ముహూర్తాలు అయిపోగానే పలచబడుతుంది. హద్దు ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు. గుంపు అరుచుకుంటూ మీ వెంట వస్తుంది, ఒక కరెంటు స్తంభం దగ్గరో మలుపు దగ్గరో టక్కున ఆగిపోతుంది. అక్కడితో వాటి రాజ్యం అయిపోయిందన్నమాట. ఆ స్తంభాన్ని నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి ఇంకో గుంపు హద్దు మొదలయ్యేదాకా మీకు కాస్త ఊపిరి పీల్చుకునే జాగా ఉంటుంది. నడక ఎక్కువసేపు అలాంటి జాగాల్లోనే సాగాలి.

ఈ మూడు రోజుల్లో మనుషులతోనూ మాట్లాడాలి. కంటోన్మెంటు వైపు ఒక లాబ్రడార్‌ని తిప్పడానికి ఒప్పుకున్న కొత్తలో నేను టీ తాగడానికి ఆగాను. కొట్టు నడిపే పెద్దావిడ నా సంగతి విని నవ్వింది.

"కుక్కని తిప్పడానికీ మనిషిని పెట్టుకుంతారేటి బాబూ!"

"వాళ్ళిద్దరూ పొద్దున్న రైలుకే వైజాగ్ వెళ్ళిపోతారమ్మా. వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది."

"అలాగయితే సరే. ఆ ఎర్రది అరుస్తాది గానీ ఏటీ సెయ్యదు. దాని ఎనకాల సప్పుడు సెయ్యకుండా వొస్తాది చూడు నల్లది, దాంతో జాగర్త."

ఆ ఒక్క ముక్క నాకు నెల రోజుల చదువు. నిజంగానే ఎర్రదాని మీద కళ్ళు పెట్టినవాడిని నల్లది వెనకనుంచి పట్టుకుంటుంది. అరిచే కుక్క కంటే, తల దించి, తోక బిగించి, చప్పుడు లేకుండా దగ్గరికొచ్చే కుక్కని ముందు చూడండి.

కొన్ని కుక్కల చెవి కొస కత్తిరించి ఉంటుంది. అది దెబ్బ కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలారనడానికి గుర్తు. ఆపరేషన్ అప్పుడే రేబీస్ టీకా కూడా వేస్తారు. అలాంటివి ఎక్కువగా ఉన్న సందు సాధారణంగా కాస్త నెమ్మది. అయితే టీకా ఏటా మళ్ళీ వెయ్యాలి కాబట్టి, చెవి చూసి పూర్తిగా ధైర్యం తెచ్చుకోకూడదు.

ఎదురైనప్పుడు

ఇప్పుడు కుక్క మీ చేతిలో ఉంది, గుంపు ఎదురుగా ఉంది. అందరం చేసే మొదటి తప్పు చైను బిగించి లాగడం. చైను బిగిస్తే కుక్క ఛాతీ పైకి లేస్తుంది, ముందరికాళ్ళు తేలతాయి. కుక్కల భాషలో అది "రా, చూసుకుందాం" అన్నట్టు. మీరు భయపడి లాగారు, ఎదుటివాళ్ళు సవాలు అనుకున్నారు. అందుకే చైను పొట్టిగా పట్టుకోండి గానీ బిగువుగా పట్టుకోకండి. మీ తొడ పక్కన కుక్క నడుస్తున్నప్పుడు చైను కొంచెం వేలాడుతూ ఉండాలి. ఇది రాయడం తేలిక, చెయ్యడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

గుంపుకి ఎదురుగా తిన్నగా వెళ్ళకండి. రోడ్డు అవతలి వైపుకి మారి, చుట్టు తిరిగినట్టు వంపుగా నడవండి. మీ కుక్కకీ వీధికుక్కలకీ మధ్య మీ ఒళ్ళు ఉండేలా చూసుకోండి. వాటి కళ్ళలోకి చూడొద్దు, అలాగని పూర్తిగా వీపూ తిప్పొద్దు. పరుగు మాత్రం అస్సలు వద్దు. కదిలేదాన్ని తరమడం కుక్క పుట్టుకలోనే ఉంది.

సందు ఇరుకైతే వెనక్కి తిరగడమే మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఈ తిరగడం కూడా ముందే నేర్పాలి. ప్రశాంతంగా ఉన్న చోట, "పద వెనక్కి" అంటూ గిరుక్కున తిరిగి, కుక్క మీతో తిరగగానే చిన్న తినుబండారం పెట్టండి. రోజుకి పదిసార్లు చేస్తే వారంలో అలవాటవుతుంది. గుంపు ఎదురైన రోజున ఆ మాట వినగానే, ఆలోచించకుండా తిరుగుతుంది.

చిన్న కుక్కని, అంటే పగ్‌నో పొమరేనియన్‌నో, చటుక్కున ఎత్తుకోవాలనిపిస్తుంది. ఎత్తుకుంటే గుంపు దాని కోసం మీ మీదకి ఎగురుతుంది. తప్పనిసరైతే గోడకి వీపు ఆనించి, దాని తల మీ చంక వైపు ఉండేలా ఎత్తుకోండి. అంతకంటే మంచి ఆయుధం గొడుగు. బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగుని గుంపు వైపు తెరిస్తే అది డాలు అవుతుంది, వీధికుక్కలు వెనకడుగు వేస్తాయి. కాకపోతే మీ కుక్కకి ముందు ఇంట్లో గొడుగు అలవాటు చెయ్యండి. లేకపోతే మొదట పారిపోయేది అదే.

వంగి రాయి తీసినట్టు నటిస్తే వీధికుక్కలు పారిపోతాయని మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. పారిపోతాయి, నిజమే. కానీ మీరు రేపు కూడా ఆ సందులోంచే వెళ్ళాలి. ఇవాళ మిమ్మల్ని చూసి బెదిరిన కుక్క రేపు మిమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి, గుంపుని కూడగట్టి అరుస్తుంది. బిస్కెట్లతో మంచి చేసుకోవడం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు. నేను చేశాను. పదో రోజుకి నా వెనక ఏడు కుక్కల ఊరేగింపు, ముందు నా లాబ్రడార్. చూసినవాళ్ళకి మంచి కాలక్షేపమైంది.

నా చేతిలోంచి జారిపోయిన రోజు

మొదటి ఏడాదిలో పెద్ద చెరువు వైపు ఒక నాటు కుక్కని తిప్పేవాణ్ణి. సన్నటి మెడ, తెలివైన మొహం. మెడబెల్టు వదులుగా ఉందని నాకు తెలుసు. ఇంటివాళ్ళు "పాపం, బిగిస్తే దానికి ఇబ్బంది" అన్నారు, నేను ఊరుకున్నాను. ఒక ఉదయం పాల వ్యాన్ లోంచి ఖాళీ ట్రే దభీమని పడింది. కుక్క ముందుకి లాగలేదు. వెనక్కి లాగింది. తల వంచి రెండు చెవులూ బెల్టులోంచి జార్చుకుంది. నా చేతిలో చైను, చైనుకి ఖాళీ బెల్టు మిగిలాయి.

వెంట పరిగెత్తాను. అదే రెండో తప్పు. నేను తరుముతున్నాననుకుని ఇంకా దూరం పోయింది. చివరికి దానికి ఎదురుగా, పక్కకి తిరిగి నేల మీద కూర్చుండిపోయాను, కాళ్ళలో ఓపిక లేక. పది నిమిషాలకి అదే వచ్చి నా పక్కన నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నం ఇంటివాళ్ళకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాళ్ళు పని మాన్పించలేదు గానీ, వారం రోజులు ఇంటాయన ఆఫీసుకి లేటుగా వెళ్ళి మరీ నా వెనకాలే నడిచారు. ఆయన చేసింది సబబే.

అప్పటి నుంచి నా లెక్క ఇది. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడోది పట్టకూడదు. గేటు తీసే ముందు బెల్టుని చెవుల వైపు లాగి చూడాలి. మెడ కంటే తల సన్నగా ఉన్న కుక్కకీ, బెదురు కుక్కకీ మెడబెల్టు, బాడీబెల్టు రెండూ వేసి, రెంటికీ కలిపి చైను తగిలించాలి. ఇంటివాళ్ళు వద్దంటే ఆ పని వదులుకోండి.

కాలం, కార్తెలు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న ఆరున్నరకల్లా కుక్క ఇంట్లో ఉండాలి. సాయంత్రం తారు రోడ్డు మీద మీ చేతి వెనక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదమూ ఓర్చుకోలేదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితే నోట్లో తడి ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. మన కోస్తా ఉక్కపోతలో ఆ తడి త్వరగా ఆరదు. అందుకే రాయలసీమ కంటే ఇక్కడ ఎండ తక్కువున్నా కుక్కకి తిప్పలు తక్కువేం కాదు. నాలుక వెడల్పుగా సాగి, చొంగ చిక్కబడి, చిగుళ్ళు ఎర్రగా మారి, నడక తూలితే అది వడదెబ్బ. నీడకి చేర్చి, పొట్ట మీదా కాళ్ళ మీదా మామూలు నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేస్తూ, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కకి ఇది ఇంకా త్వరగా వస్తుంది. హస్కీని మన ఊళ్ళో పెంచేవాళ్ళ గురించి నా అభిప్రాయం వేరే ఉంది, అది పాఠం కాదు కాబట్టి రాయను.

నిజానికి మన పనికి ఎండాకాలం కంటే అక్టోబరే కష్టం. చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు పెద్దలు. ఆ కార్తె అక్టోబరు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఉంటుంది. మగకుక్కలు గుంపులుగా తిరుగుతాయి, హద్దులు చెరిగిపోతాయి, మీరు రాసుకున్న నోటుబుక్కు పనికిరాదు. దసరా తరవాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ సోమ, మంగళవారాల్లో మూడు లాంతర్లు, కోట వైపు కుక్కతో వెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి. ఆ జనానికీ డప్పులకీ ఎంత నెమ్మది కుక్కైనా బెదురుతుంది. ఆ తరవాత దీపావళి. ఆ వారం సాయంత్రం నడక రద్దు చేసి, పొద్దున్న నడక కాస్త పొడిగిస్తానని ఇంటివాళ్ళకి సెప్టెంబరులోనే చెప్పేయండి.

చిత్తకార్తెలో చూలు కట్టిన కుక్క దాదాపు 63 రోజులకి ఈనుతుంది. అంటే డిసెంబరు నెలాఖరుకి సందుల్లో పిల్లలు. సంక్రాంతి నాటికి ఆ పిల్లలు రోడ్డు మీదకి వస్తాయి, తల్లి ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. వీధిలో ఎవరి జోలికీ పోని ఆడకుక్క కూడా ఆ నెలలో కరుస్తుంది. పిల్లలున్న సందుని పూర్తిగా వదిలేసి దారి మార్చుకోండి.

మీ చేతిలో ఉన్నది ఎదకి వచ్చిన ఆడకుక్క అయితే ఆ రెండు మూడు వారాలు వీధి నడకే వద్దు. మేడ మీదో పెరట్లోనో తిప్పండి.

కరిస్తే

రెండు కుక్కలు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకండి. నీళ్ళు కుమ్మరించడం, మధ్యలో గొడుగు దూర్చడం, మీద దుప్పటి వెయ్యడం, ఏది దొరికితే అది చెయ్యండి. మీకు పన్ను తగిలితే, గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను అంటే గడియారం చూసి పదిహేను. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ పెట్టొద్దు. కట్టూ కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, అక్కడ టీకా ఉచితం. మొదటి రోజు, ఆ తరవాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబీస్‌ని వెంటనే అడ్డుకునే సూదిమందు) కూడా అవసరం, డాక్టరుని మీరే అడగండి. రెండు సూదులయ్యాక నొప్పి తగ్గిందని మానెయ్యొద్దు, రేబీస్ వచ్చాక మందు లేదు.

ఈ పని జీవనంగా చేద్దామనుకునేవాళ్ళు కరవకముందే వేయించుకునే టీకా కోర్సు గురించి డాక్టరుతో మాట్లాడండి. నేను వేయించుకున్నాను.

ఈ వారం అభ్యాసం ఒకటే. మీ ఇంటి నుంచి అర కిలోమీటరు దారి ఎంచుకోండి. మూడు రోజులు పొద్దున్న ఒక్కరే నడిచి కాగితం మీద బొమ్మ గీయండి. గుంపులు ఎక్కడున్నాయి, ఏ గుంపుకి ఎన్ని, ఏ స్తంభం దగ్గర ఆగుతున్నాయి, ఏ ఇంటి గేటు ఎప్పుడూ తెరిచి ఉంటుంది, వెనక్కి తిరగడానికి చోటెక్కడుంది. నాలుగో రోజు అదే దారిలో సాయంత్రం నడిచి, ఆ బొమ్మ ఎంత తప్పో చూడండి.

వచ్చే పాఠం తాళంచెవి గురించి. ఇంటివాళ్ళు నాలుగు రోజులు ఊరెళ్ళి ఇల్లూ పిల్లీ మీకు అప్పజెప్పితే, లోపలికి వెళ్ళగానే మొదట చూడాల్సింది పిల్లిని కాదు, గ్యాస్ సిలిండర్‌ని. ఎందుకో అప్పుడు చెప్తాను.