గొంతు మధ్యలో పెట్టినా ఎడమకే లాగుతోందా? గిటార్ ట్రాక్ సోలో చేసి వినండి

సమస్య: ఒకరే గిటార్ వాయిస్తూ పాడారు. రెండు మైకులు, రెండు ట్రాకులు. గొంతు పాన్ (శబ్దం ఎడమ, కుడిల మధ్య ఎక్కడ వినపడాలో చెప్పే నాబ్) సరిగ్గా మధ్యలో, సున్నా మీదే ఉంది, గిటార్ పూర్తిగా ఎడమకు తిప్పారు. వింటే గొంతు కూడా ఎడమకు ఒరుగుతోంది. పదిహేను వాయిద్యాల పాటలో ఇది ఎవరికీ తెలియదు. రెండే శబ్దాలున్నచోట పల్లవిలోనే దొరికిపోతుంది.

ముందు మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసి బయటికి వెళ్లే చివరి ఛానల్) మీద మోనో బటన్ నొక్కండి. రెండు వైపులా ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు నడిమధ్యకు రావాలి. అప్పుడూ పక్కకే లాగుతుంటే తేడా మీరు వినే చోట ఉంది: హెడ్‌ఫోన్స్ ఒక వైపు తగ్గి ఉండొచ్చు, ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ జరిగి ఉండొచ్చు. ఐదు సెకన్ల పని ఇది. దీన్ని వదిలేసి గంటల తరబడి పాన్ తిప్పేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మోనోలో మధ్యకు వచ్చిందా? ఇప్పుడు గిటార్ ట్రాక్ ఒక్కటే సోలో చేసి (మిగతావి ఆపి), అందులో గొంతు ఎంత వినిపిస్తోందో చూడండి.

అసలు కారణం దాదాపు ఎప్పుడూ గిటార్ మైకులో పడ్డ ఈ గొంతే. దీనికి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఒక అమ్మాయి పాట. కొన్ని స్వరాల దగ్గర గొంతు మధ్యలో ఉంటోంది, కొన్నిటి దగ్గర ఎడమకు జరుగుతోంది. పాడుతూ తల తిప్పిందేమో అనుకుని, మాట మాటకూ ఆటోమేషన్‌తో (పాట సాగుతుండగా పాన్ దానంతటదే మారేలా పెట్టి) గొంతును కుడికి లాగాను. ఇంకా పాడైంది. చివరికి గిటార్ సోలో చేస్తే ప్రతి మాటా అర్థమయ్యేంత స్పష్టంగా వినపడింది.

గొంతు మైకు కన్నా గిటార్ మైకు నోటికి 50 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉందనుకోండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి గొంతు అక్కడికి దాదాపు 1.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గిటార్‌తో పాటు ఆ ఆలస్యపు గొంతూ ఎడమకు పోయి, అసలు గొంతుతో కలిసి 333 హెర్ట్జ్ దగ్గర తగ్గుతుంది, 667 దగ్గర పెరుగుతుంది. కుడి వైపు మాత్రం ఏ మార్పూ ఉండదు. అందుకే స్వరం మారినప్పుడల్లా గొంతు చోటు మారుతుంది. గిటార్ మీద కంప్రెసర్ (పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్నవాటితో తేడా తగ్గించే పరికరం) గట్టిగా వేశారా, తీగ మీటిన ప్రతి దెబ్బ తర్వాతా ఈ గొంతే పైకి లేస్తుంది.

పరిష్కారం: గిటార్ పాన్‌ను ఎడమ వైపు 20, 30 దగ్గరికి వెనక్కి తెచ్చి, కంప్రెసర్ తగ్గించండి. వెడల్పు కావాలంటే గిటార్‌కు కొంచెం రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) వేసి, ఆ రివర్బ్‌ను మాత్రం కుడికి పంపండి. గిటార్ ట్రాక్‌లో ఫేజ్ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) ఒకసారి నొక్కి, గొంతు నిండుగా ఉన్న స్థితిలో వదిలేయండి. గిటార్ ట్రాక్‌ను 1.5 మిల్లీసెకన్లు ముందుగా వినపడేలా జరిపితే గొంతు కుదురుతుంది గానీ, గొంతు మైకులో ఆలస్యంగా పడ్డ గిటార్‌కూ దీనికీ తేడా ఇంకా పెరుగుతుంది (అదీ 1.5 ఉండి ఉంటే 3 మిల్లీసెకన్లకు). రెండూ విని తేల్చుకోండి.

పాన్ లా (పాన్ తిప్పినప్పుడు శబ్దం స్థాయి ఎలా మారాలన్న సెట్టింగ్), తప్పు కేబుల్, ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ ఎఫెక్ట్) తేడా లాంటివి చాలా అరుదు. ముందే వాటి వెంట పడకండి.

మళ్లీ రికార్డ్ చేసే వీలుంటే గిటార్‌కు ఫిగర్-ఎయిట్ మైకు (ముందు, వెనక వినిపించి, పక్కల నుంచి వచ్చేది దాదాపు పట్టనిది) పెట్టి, దాని పక్క భాగం నోటి వైపు ఉండేలా చూడండి. గిటార్ వాయించకుండా రెండు లైన్లు పాడమని, ఆ మైకు ఒక్కటే వింటూ, గొంతు బాగా తగ్గే కోణం దొరికేదాకా కొద్దికొద్దిగా తిప్పండి.