అంతస్తు మారినా కాల్ తెగని వైఫై – 4వ పాఠం: తాళంచెవి ముందే చేరాలి

పోయిన పాఠంలో అమీర్‌పేటలో ఉండే తరహా మూడంతస్తుల కోచింగ్ సెంటర్‌ను నమూనాగా తీసుకుని, అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) బిగించాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు పంచాం. మెట్ల మలుపులో నిలబడితే కింది పాయింటు, పై పాయింటు రెండూ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ) దరిదాపుల్లో అందేలా పవర్ సర్దాం. అది ఇంకా కుదరనివాళ్లు ఇక్కడే ఆగి ముందు ఆ పని పూర్తి చేయండి. స్లాబు సిగ్నల్‌ను మింగేసిన చోట ఈ పాఠంలోని సెట్టింగులేవీ ఆదుకోవు.

ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే, యాక్సెస్ పాయింట్ కాదు. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోయాకే కొత్త పాయింటు కోసం వెతుకుతుంది. డేటా నడుస్తున్నప్పుడు కనీసం 8 డీబీ మెరుగైనది దొరికితేనే మారుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ అంకెలు తయారీదారును బట్టి మారతాయి. మన చేతిలో ఉన్నది, మారే క్షణంలో ఆలస్యం లేకుండా చూడడం ఒక్కటే.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది? డబ్ల్యూపీఏ2 (వైఫై భద్రతా పద్ధతి) పాస్‌వర్డ్ నెట్‌వర్కులో ఫోను కొత్త పాయింటుతో ముందు నాలుగు ఫ్రేములు (చిన్న సందేశాలు) మార్చుకుని చేరుతుంది. ఆ తర్వాత తాళాల (డేటాను గుప్తంగా ఉంచే కీల) కోసం ఇంకో నాలుగు. ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఉన్న ఆఫీసుల్లో మధ్యలో రేడియస్ సర్వర్‌తో (లాగిన్లు సరిచూసే కంప్యూటర్‌తో) సంభాషణ కూడా నడుస్తుంది కాబట్టి వందల మిల్లీసెకన్లు పోతాయి. వాయిస్ కాల్‌కు ఈ మార్పు 50 మిల్లీసెకన్లలోపు జరిగిపోవాలి. 2008లో వచ్చిన 802.11ఆర్ అనే వైఫై ప్రమాణం చేసిన పని, ఆ తాళాల మాటను చేరే నాలుగు ఫ్రేముల్లోనే కలిపేయడం. దీన్నే ఫాస్ట్ ట్రాన్సిషన్ అంటారు.

ఇందులో భద్రత ఎలా నిలుస్తుందో తెలుసుకోకుండా స్విచ్ వేయొద్దు. ఫోను మొదటిసారి చేరినప్పుడు పుట్టిన మూల తాళం నుంచి ఆర్0 అనే తాళం తయారవుతుంది. ఆర్0 నుంచి ఒక్కో యాక్సెస్ పాయింటుకు ఒక్కో ఆర్1 తాళం తయారవుతుంది. ఒక పాయింటు ఆర్1తో ఇంకో పాయింటు ఆర్1ను లెక్కకట్టలేం. ఆర్1 మాత్రమే ఉన్న రెండో అంతస్తు పెట్టె ఎవరైనా ఎత్తుకుపోయినా మూడో అంతస్తు తాళాలు బయటపడవు. అయితే ఈ రక్షణ రేడియస్ పద్ధతిలోనే దక్కుతుంది. ఒకే పాస్‌వర్డ్ నెట్‌వర్కులో ప్రతి పెట్టెలోనూ ఆ పాస్‌వర్డే ఉంటుంది కనుక, పెట్టె పోతే పాస్‌వర్డ్ మార్చాల్సిందే.

ఇక సెట్టింగులు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పేర్లతో చెబుతున్నాం, మిగతా కంపెనీల పెట్టెల్లోనూ పేర్లు దగ్గరగానే ఉంటాయి. మూడు పాయింట్లలోనూ నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, భద్రతా రకం అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. వైర్‌లెస్ సెక్యూరిటీలో 802.11ఆర్ ఆన్ చేయండి. మొబిలిటీ డొమైన్, అంటే ఈ పాయింట్ల గుంపుకు గుర్తు, నాలుగు హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్). 4071 అనుకుంటే మూడింట్లోనూ అదే. న్యాస్ ఐడీ, అంటే పాయింటు సొంత గుర్తు, మాత్రం దేనికదే వేరుగా ఉండాలి. చాలామంది ఒక పాయింటు సెట్టింగులను మిగతా రెండింటికీ కాపీ చేసి ఇక్కడే తప్పు చేస్తారు. ఎఫ్‌టీ (ఫాస్ట్ ట్రాన్సిషన్) పద్ధతి 'ఓవర్ ది ఎయిర్' (ఫోను కొత్త పాయింటుతో నేరుగా మాట్లాడే దారి) ఎంచుకోండి, వైర్ల వైపు చిక్కులు తగ్గుతాయి. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ అయితే 'పీఎంకే లోకల్‌గా తయారు చేయి' ఆన్ చేయండి (పీఎంకే అంటే పైన చెప్పిన మూల తాళం).

డబ్ల్యూపీఏ3 (డబ్ల్యూపీఏ2 తర్వాతి తరం) పెట్టినవాళ్లు ఆ చివరిది ఆన్ చేయకూడదు. అక్కడ మూల తాళం పాస్‌వర్డ్ నుంచి నేరుగా రాదు, చేరిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ఒక పాయింటు దగ్గరున్నది ఇంకో పాయింటు సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకే పాయింట్లు తమలో తాము ఆర్1 తాళాలు పంపుకోవాలి. ఆ రవాణాను కాపాడే 256 బిట్ల రహస్యం, అంటే 64 హెక్స్ అంకెలు, అన్నింట్లోనూ ఒకటే ఉండాలి.

ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) తాజాగా ఉందో లేదో తప్పక చూడండి. 2017 అక్టోబరులో బయటపడ్డ క్రాక్ అనే వైఫై భద్రతా లోపాల్లో ఒకటి సరిగ్గా ఈ ఫాస్ట్ ట్రాన్సిషన్ మీదే, అదీ యాక్సెస్ పాయింట్ వైపు. ఫోను అప్‌డేట్ చేసినంత మాత్రాన అది పోదు. అంతకుముందు ఫర్మ్‌వేర్‌తో ఆగిపోయిన పాత పెట్టెలో 802.11ఆర్ ఆన్ చేయకండి. 802.11డబ్ల్యూ, అంటే మేనేజ్‌మెంట్ ఫ్రేముల (చేరడం, విడిపోవడం వంటి నియంత్రణ సందేశాల) రక్షణ, కనీసం 'ఆప్షనల్'లో ఉంచండి. అది లేకపోతే 'ఇటు మారు' అనే 802.11వీ సందేశాన్ని బయటివాడెవడైనా నకిలీగా పంపగలడు. డబ్ల్యూపీఏ3లో ఇది ఎలాగూ తప్పనిసరి.

పరీక్షకు ల్యాప్‌టాప్ చాలు. రౌటర్‌కు సెకనుకు ఐదు చొప్పున పింగ్ (జవాబు వస్తోందో చూసే చిన్న సందేశం) పంపుతూ మెట్లెక్కండి. ఒకటి పోతే ఫర్వాలేదు. ఐదారు వరసగా పోతే సెకనుకు పైగా తెగినట్టు. అప్పుడు పై అంతస్తు పాయింటు లాగ్ తెరిచి, ల్యాప్‌టాప్ చేరిన వరసలో 'ఆథ్ ఆల్గ్' (auth_alg) ఎదురుగా ఏముందో చూడండి. 'ఎఫ్‌టీ' అని ఉంటే తాళాల పని సరిగ్గానే జరిగింది. 'ఓపెన్' అని ఉంటే మామూలు దారిలో మొదటినుంచి చేరింది. మొబిలిటీ డొమైన్, న్యాస్ ఐడీ మళ్లీ సరిచూడండి. రెండూ సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్ వైఫై కార్డుకే 802.11ఆర్ తెలియకపోవచ్చు, ఇంకో పరికరంతో నడిచి చూడండి.

'ఎఫ్‌టీ' అని ఉన్నా కాల్ తెగుతోందంటే తప్పు తాళాల పనిలో లేదు. మామూలుగా దొరికే కారణం, పై అంతస్తులో పాత రౌటర్‌ను వాడుతూ దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపకపోవడం, కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టులో గుచ్చడం. అంతస్తు మారగానే ఐపీ చిరునామా మారిపోతుంది, కాల్ పోతుంది. డీహెచ్‌సీపీ కింది అంతస్తు రౌటర్‌లో ఒక్కచోటే ఉంచి, కేబుల్‌ను ల్యాన్ (లోపలి నెట్‌వర్క్ వైపు) పోర్టుకు మార్చండి.

పాత ప్రింటర్లు, సీసీ కెమెరాలు 802.11ఆర్ ఉన్న నెట్‌వర్కులో చేరడానికి మొరాయిస్తాయి. వాటికోసం అందరికీ దాన్ని ఆపేయొద్దు. అవి కదలవు కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్‌లో వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో 802.11ఆర్ లేని నెట్‌వర్క్ ఒకటి ఇవ్వండి.

వచ్చే పాఠంలో ఫ్రీరేడియస్ సర్వర్ పెట్టి, ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇద్దాం. అందుకు 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి సిద్ధం చేసుకోండి.