ప్లాన్ పెంచే ముందు రౌటర్‌ను చూడండి

ఇంట్లో వీడియో ఆగి ఆగి వస్తోందని 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కు మార్చుకోదలచినవారు, ముందుగా ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేసి చూడడం మంచిది. అక్కడ 90కి పైగా వచ్చి, పడకగదిలో ఫోన్‌కు 10 మాత్రమే అందుతుంటే, లోపం కనెక్షన్‌లో కాక వైఫైలో ఉన్నట్టే. నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకు సూచించే వేగం 15 ఎంబీపీఎస్ కనుక, నాలుగు తెరలు ఒకేసారి నడిచినా (అలా నడిచే ఇళ్లు ఎన్నని!) 100 సరిపోతుంది. టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో దాగిన రౌటర్‌ను హాలులో ఎత్తైన చోటికి మార్చి, దగ్గరి పరికరాలను వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు కలపండి. పైగా చాలా పాత రౌటర్లలో కేబుల్ పెట్టే పోర్టులు 100 ఎంబీపీఎస్‌కు మించి పంపలేవు. వాటితో 300 ప్లాన్ తీసుకుంటే బిల్లు పెరుగుతుందే తప్ప వేగం పెరగదు. రోజూ పెద్ద వీడియో ఫైళ్లు అప్‌లోడ్ చేసేవారి సంగతి వేరు.