రికార్డింగ్‌కి పెడల్స్ పట్టుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

స్టేజీ మీద అదరగొట్టిన పెడల్‌బోర్డే (గిటార్ సౌండ్ మార్చే చిన్న పెట్టెలు, అంటే పెడల్స్, అమర్చిన పలక) స్టూడియోలో తలనొప్పి తెచ్చిపెట్టడం మామూలే. తప్పు పెడల్స్‌ది కాదు. గిటార్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ అందుకుని గిటార్ ఆంప్‌కి ఇవ్వడానికి అవి తయారయ్యాయి. స్టూడియో సామాను అంతకంటే చాలా గట్టిగా ఉండే లైన్ లెవెల్ మీద నడుస్తుంది. ఈ రెంటినీ కలిపే చోటే జాగ్రత్త కావాలి.

ముందు కరెంటు సంగతి. చాలా పెడల్స్‌కి కావలసింది 9 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్యలో నెగటివ్. పిన్ను పట్టింది కదా అని రౌటర్ అడాప్టర్ గుచ్చేయకండి. అవి ఎక్కువగా 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకున్న పెడల్ అయితే అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉందో, ఒట్టి 120 అనే ఉందో చదవండి. 120 అయితే మన 230 వోల్టుల సాకెట్లో పెట్టగానే అడాప్టర్ కాలిపోతుంది, పెడల్ కూడా పోవచ్చు.

డిజిటల్ డిలే (ప్రతిధ్వని ఇచ్చేది), ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరుకుగా చేసేది) రెండూ ఒకే అడాప్టర్ మీద ఉంటే సన్నని కీచు మొదలవ్వచ్చు. స్టేజీ మీద డ్రమ్స్ మోతలో అది వినపడదు, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం దాగదు. ఐసొలేటెడ్ పవర్ సప్లయ్ (ఒక్కో పెడల్‌కి విడివిడిగా కరెంటు ఇచ్చేది) వాడండి. ఇక హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. మీ చేతులు తీగల మీద ఉంటాయి, ప్రాణం మీదకొస్తుంది. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే పెట్టె) మీద, ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే తెంపే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది అందుకే. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆంప్ పవర్‌ని తీసుకునే పెట్టె) గానీ లేకుండా ఆన్ చేయకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఒక్కటే: పెడల్స్ తగలని క్లీన్ ట్రాక్ ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి. గిటార్‌ని డీఐ బాక్స్‌కి ఇచ్చి, దాని త్రూ (సిగ్నల్‌ని మార్చకుండా పంపే జాక్) నుంచి పెడల్స్‌కి, అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని కంప్యూటర్‌కి ఎక్కించే పెట్టె) మైక్ ఇన్‌పుట్‌కి తీయండి. పెడల్స్ సౌండ్ వేరే చానెల్లో పడుతుంది. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే పీక్స్ (సౌండ్ బాగా పెరిగే చోట్లు) మైనస్ 12 డీబీ దగ్గర ఆగితే చాలు. రెండు ట్రాకులూ కలిపి విన్నప్పుడు బేస్ పలచబడితే పొలారిటీ బటన్ నొక్కి చూడండి, కొన్ని పెడల్స్ సిగ్నల్‌ని తిరగేస్తాయి.

ఆ క్లీన్ ట్రాక్‌ని తర్వాత మళ్లీ పెడల్స్ గుండా పంపాలనుకుంటే మధ్యలో రీఆంప్ బాక్స్ (లైన్ లెవెల్‌ని మళ్లీ గిటార్ లెవెల్‌కి తగ్గించేది) పెట్టండి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌ని నేరుగా ఇస్తే ఓవర్‌డ్రైవ్ నాబ్ సున్నాలో ఉన్నా సౌండ్ బరబరలాడుతుంది.

మరి ఏది పెడల్‌తో, ఏది స్టూడియోలో? ఓవర్‌డ్రైవ్, వా (కాలితో ఊపి టోన్ మార్చేది) పెడల్‌తోనే రికార్డ్ చేయండి. వేళ్లు ఆ సౌండ్ విని స్పందిస్తాయి. ఫజ్ (ఓవర్‌డ్రైవ్ కంటే ఇంకా గరుకైన సౌండ్ ఇచ్చేది) విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. ఫజ్ ఫేస్ తరహా పెడల్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) బాగా తక్కువ, అందుకే గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే సౌండ్ తేటపడుతుంది. రీఆంప్‌లో గిటార్‌కీ ఫజ్‌కీ మధ్య ఉన్న ఆ లంకె తెగిపోతుంది. ఫజ్‌కి ముందు బఫర్ (సిగ్నల్‌ని నిలబెట్టే సర్క్యూట్) ఉన్నా అంతే. రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసేది) మాత్రం మిక్సింగ్‌కి వదిలేయండి, ట్రాకులో కలిసిపోయాక విడదీయడం కష్టం. డిలే కూడా అంతే, ఆ ప్రతిధ్వని మీదే అల్లిన పార్ట్ అయితే తప్ప. పెడల్ కంప్రెసర్‌ని (గట్టి, మెల్లని నోట్ల తేడా తగ్గించేది) ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే నోట్ల మధ్య రొద పైకి లేస్తుంది. అవసరమైతే మిక్స్‌లో స్టూడియో కంప్రెసర్ వాడండి, అది వెనక్కి తీసుకోగలిగిన పని.

టేక్ కుదిరిన వెంటనే నాబ్‌లన్నీ కనిపించేలా ఫోటో తీసి ఆ పాట ఫోల్డర్లోనే వేసుకోండి. నెల తర్వాత రెండు బార్లు మళ్లీ వాయించాల్సి వచ్చినప్పుడు గెయిన్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.