కొత్త బ్యాండ్ సా మీద మొదటి కోతకు ముందు

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడ్‌తో చెక్క కోసే రంపం. కొత్తది పెట్టె విప్పిన రోజు చెయ్యి ఊరుకోదు. ప్లగ్ పెట్టి ఒక ముక్క కోసి చూడాలనిపిస్తుంది. ఆ ముచ్చట ఒక్క పూట వాయిదా వేసుకోండి. ఫ్యాక్టరీలో ఎంత బాగా బిగించినా దారి కుదుపులకు చక్రాలు, గైడ్లు (బ్లేడ్ అటూ ఇటూ పోకుండా ఆపే ఆనికలు), టేబుల్ కాస్తో కూస్తో కదిలిపోతాయి. సరిచేయని మెషీన్ మీద చెక్క సాఫీగా తెగదు. తెగకపోతే మనం నెడతాం. అలా బలంగా నెట్టేటప్పుడే చెక్క చటుక్కున తెగి, వేళ్ళు బ్లేడ్ మీదికి పోతాయి. అందుకే ఇక్కడ నున్నటి కోత కోసం పడే శ్రమే వేళ్ళను కూడా కాపాడుతుంది.

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. చక్రాల తలుపు తెరిచిన ప్రతిసారీ ప్లగ్ మీ కళ్ళ ముందు బయట వేలాడుతూ ఉండాలి.

కొత్త బ్లేడ్ సాధారణంగా మూడు చుట్లుగా మడిచి వస్తుంది. కట్టు తెగగానే స్ప్రింగులా విచ్చుకుంటుంది. నా మొదటి బ్లేడ్‌ను బల్ల మీద పెట్టి, దాని మీదికి వంగి టేపు కత్తిరించాను. ఒక చుట్టు లేచి ముంజేతిని గీసుకుంటూ పోయింది. చొక్కా చేయి చిరిగింది, దాని కింద చర్మం మీద వరుసగా సన్నటి ఎర్ర గీతలు, ఎడం కూడా తప్పకుండా. అదే జానెడు పైకి లేచి ఉంటే కంటికి తగిలేది. ఇప్పుడు మందపాటి గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా బ్లేడ్ ముట్టను. చేతులు చాపి, ఒంటికి దూరంగా పట్టుకుని, ఒక్కో చుట్టూ వదులుతాను. బ్లేడ్ ఎక్కించాక మాత్రం గ్లవ్స్ తీసేయాలి. తిరిగే బ్లేడ్ గ్లవ్ అంచును పట్టుకుంటే దానితో పాటు చేతినీ లాక్కుపోతుంది. ఉంగరాలు, వదులు చేతుల చొక్కాలు, వేలాడే జుట్టు కూడా అంతే.

ఎక్కించేటప్పుడు పళ్ళు మీ వైపుకు, కిందికి టేబుల్ కేసి చూస్తుండాలి. ఎలా పట్టుకున్నా పైకే చూస్తున్నాయంటే బ్లేడ్ తిరగబడి ఉందన్నమాట. రెండు చేతులతో మెలితిప్పి లోపలి ముఖాన్ని బయటికి తెస్తే సరిపోతుంది.

వరుస తప్పకూడని పని ఇక్కడుంది. పైనా, టేబుల్ కిందా ఉన్న గైడ్లన్నీ ముందుగా బ్లేడ్‌కు దూరంగా జరిపేయండి. కొంచెం టెన్షన్ ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ, ఆ చక్రం వాలును మార్చే ట్రాకింగ్ నాబ్‌ను అర చుట్టు కూడా కాదు, కొద్దికొద్దిగా తిప్పండి. బ్లేడ్ చక్రం మీది రబ్బరు పట్టీ మధ్యకు వచ్చి అక్కడే నిలవాలి. టెన్షన్ పెంచిన ప్రతిసారీ ఇది మారుతుంది కాబట్టి మళ్ళీ చూసుకోవాలి. పది చుట్లు చేత్తో తిప్పినా బ్లేడ్ పక్కకు జారలేదంటేనే తలుపులు మూసి, ప్లగ్ పెట్టి, పక్కకు నిలబడి మోటారు వేయండి.

టెన్షన్ విషయంలో మెషీన్ మీది స్కేలును నేను సుమారు లెక్కగానే తీసుకుంటాను. గైడ్లు ఇంకా దూరంగా ఉండగానే మెషీన్ నడిపి, టెన్షన్ మెల్లగా తగ్గిస్తూ రండి. ఒకచోట బ్లేడ్ వణకడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వణుకు ఆగేదాకా బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పండి. మామూలు పనికి అది చాలు. మందపాటి చెక్కను పలకలుగా చీల్చడానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. రోజు పని అయ్యాక టెన్షన్ సడలించండి, లేకపోతే రబ్బరు పట్టీ మీద పల్లం పడుతుంది. సడలించిన సంగతి మర్చిపోయి మర్నాడు స్విచ్ వేస్తే బ్లేడ్ చక్రం మీంచి జారిపోతుంది, అందుకని స్విచ్‌కు ఒక చీటీ తగిలించండి.

ఇప్పుడు గైడ్లు. పక్క గైడ్లకూ బ్లేడ్‌కూ మధ్య ఒక కాగితం మందం ఖాళీ. గైడ్ ముందు అంచు పళ్ళ మధ్య గుంటలకు కాస్త వెనకే ఆగాలి. పళ్ళకు తగిలితే ఒక్క నిమిషంలో కొత్త బ్లేడ్ పదును పోతుంది. చెక్క నెట్టినప్పుడు బ్లేడ్ వీపు ఆనే వెనక బేరింగ్‌కు సుమారు 0.4 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. ఖాళీగా నడుస్తున్నప్పుడు అది తిరగకూడదు, చెక్క ఆనినప్పుడే తిరగాలి. చాలామంది పై గైడ్లు సరిచేసి టేబుల్ కింది వాటిని వదిలేస్తారు. కోత కింది అంచున చిరుగు వస్తోందంటే మొదట అక్కడే చూడండి.

టేబుల్‌కు, బ్లేడ్‌కు మధ్య మూలమట్టం పెట్టి, బ్లేడ్ నిట్టనిలువుగా ఉందో లేదో చూడండి. మట్టం పన్నుకు కాకుండా బ్లేడ్ ఒంటికి ఆనాలి.

బ్లేడ్ ఎంపిక

మెషీన్‌తో వచ్చిన బ్లేడ్‌ను చూసి మెషీన్‌ను తప్పుపట్టకండి. చాలాసార్లు అది నడిపి చూడటానికి ఇచ్చిందే. మొదట మాన్యువల్‌లో పొడవు చూసుకోండి. 14 అంగుళాల చక్రాలున్న మెషీన్లలో చాలావాటికి 93.5 అంగుళాలు పడుతుంది కానీ అన్నిటికీ కాదు.

నునుపుకు అసలు కీలకం పళ్ళ లెక్క. ఎప్పుడైనా చెక్క మందంలో కనీసం మూడు పళ్ళు ఉండాలి, 6 నుంచి 12 దాకా ఉంటే హాయి. పావు అంగుళం ప్లైవుడ్‌ను అంగుళానికి 3 పళ్ళ బ్లేడ్‌తో కోస్తే చెక్కలో ఒక పన్ను కూడా పూర్తిగా ఉండదు, అంచులు పీచు పీచుగా లేస్తాయి. దానికి 14 పళ్ళది కావాలి. "ఎక్కువ పళ్ళుంటే ఎక్కువ నునుపు" అన్న మాట అక్కడిదాకే నిజం. ఆరంగుళాల దుంగ ముక్కలోకి 10 పళ్ళ బ్లేడ్ దించితే ఒకేసారి 60 పళ్ళు లోపల ఉంటాయి. గుంటలు పొట్టుతో నిండిపోయి, ఆ పొట్టుకు బయటికి దారి లేక, బ్లేడ్ వేడెక్కి వంకర పోతుంది. అక్కడ అరంగుళం వెడల్పు, 3 పళ్ళ హుక్ రకం (పళ్ళు ముందుకు వాలి ఉండేది) తీసుకోండి.

వెడల్పును వంపు నిర్ణయిస్తుంది. 1/8 అంగుళం బ్లేడ్ సుమారు 3/16 అంగుళం వ్యాసార్ధంలో తిరుగుతుంది. పావు అంగుళానిది 5/8 అంగుళంలో, అరంగుళానిది రెండున్నర అంగుళాల్లో. అంతకంటే ఇరుకు మలుపులో బలవంతంగా తిప్పితే బ్లేడ్ మెలిపడుతుంది. చిన్న మెషీన్‌కు ముప్పావు అంగుళం బ్లేడ్ పడుతుందని రాసి ఉన్నా నేను అరంగుళం దగ్గరే ఆగమంటాను. వెడల్పు బ్లేడ్‌కు కావలసిన టెన్షన్ చిన్న ఫ్రేమ్ ఇవ్వలేదు.

బ్లేడ్ రెండు కొసలూ కలిపిన అతుకును వేలి గోరుతో ఒకసారి తడిమి చూడండి. 1809లో ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ ఈ రంపానికి పేటెంట్ పొందినా, అతుకు తెగిపోతుండటం వల్ల దాదాపు నలభై ఏళ్ళు అది పనికి రాలేదు. 1846లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్ పోలాన్ క్రెపాన్ అనే మహిళ గట్టి అతుకు పద్ధతికి పేటెంట్ కోరాకే దారి తెరుచుకుంది. ఇప్పటికీ బ్లేడ్ తెగితే ఎక్కువగా అక్కడో, ఆ పక్కనో తెగుతుంది.

కోసేటప్పుడు

బ్లేడ్‌ను కప్పే పై గార్డ్ చెక్కకు పావు అంగుళం ఎత్తుకు మించి ఉండకూడదు. బ్యాండ్ సా చెక్కను వెనక్కి విసరదు, టేబుల్ మీదికే అదుముతుంది. ఆ నెమ్మదితనం చూసే మనకు ధీమా పెరుగుతుంది. కోత చివర బొటనవేలు గీతకు ఎదురుగా ఉంచకండి, నెట్టడానికి కర్ర వాడండి. గుండ్రటి కర్రను ఊరికే పట్టుకుని కోయడం అన్నిటికంటే చెడ్డది. బ్లేడ్ దాన్ని దొర్లించి వేళ్ళతో సహా లోపలికి లాగుతుంది. వి ఆకారపు గాడి ఉన్న దిమ్మలో కూర్చోబెట్టండి. వంపు కోతలో ఇరుక్కుంటే మెషీన్ ఆపాకే చెక్కను వెనక్కి తీయండి. నడుస్తుండగా లాగితే బ్లేడ్ చక్రం మీంచి ఊడుతుంది. పొట్టు లాగే గొట్టం, మాస్క్ రెండూ ఉండాలి. చెక్క ధూళి కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం వర్గీకరించింది.

"టిక్ టిక్" అని ఒకే లయలో చప్పుడు వస్తే బ్లేడ్‌లో పగులు ఉండవచ్చు. వెంటనే ఆపండి. బ్లేడ్ తెగినా చక్రాలు రెండూ పూర్తిగా నిలిచేదాకా తలుపు ముట్టకండి.

మొదటి కోతకు పనికిరాని ముక్క తీసుకుని, గీత గీసి, ఫెన్స్ (చెక్కను ఆనించి నెట్టే అడ్డపట్టీ) లేకుండా చేత్తో గీత వెంట సగం దాకా కోయండి. చెక్కను ఏ కోణంలో పట్టుకుంటే గీత తప్పలేదో ఫెన్స్‌ను ఆ కోణానికి తిప్పండి. తర్వాత కోసిన ముఖాన్ని వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో బొజ్జలా ఉబ్బితే టెన్షన్ చాలలేదు, లేదా తొందరపడి నెట్టారు. నల్లగా కాలిన మరకలుంటే బ్లేడ్ మొద్దుబారింది, లేదా పళ్ళు ఎక్కువయ్యాయి. సమాన దూరంలో గీతలు పడితే అతుకు దగ్గర బ్లేడ్ ఎత్తుగా ఉందేమో తడిమి చూడండి.